అంచున అంటించిన గుండీలు

మార్చి 3, సోమవారం
ప్రెస్సు మీది గది

అత్తా,

ఇది అన్యాయం. చేసింది మీ ఆస్పత్రి సిస్టమ్స్ అధికారి. రెండో అంతస్తులో గాజు తలుపు వెనక కూర్చుని, కింద రికార్డుల కౌంటరులో ఏడుగురు ఎలా పని చేసుకుంటున్నారో ఒక్కసారి మెట్లు దిగి చూడకుండా, పోయిన నెలలో ఒక శనివారం సాయంత్రం మీరు ఇళ్లకు వెళ్లాక మీ కంప్యూటర్లన్నిటికీ మొహం మార్చేశాడు.

నీ ఉత్తరం చదవగానే ముందు ఈ రెండు ముక్కలూ రాసి గోడకు అంటించాను. తప్పేమిటో, చేసిందెవరో మొదట్లోనే చెప్పెయ్యాలి, మిగతాదంతా తర్వాత. నేను మడతపెట్టే కరపత్రాల్లో పస ఉన్నవన్నీ అలాగే మొదలవుతాయి. నవ్వకు. రోజుకు నాలుగు వేలు మడతపెట్టేదానికి ఆమాత్రం చదువు వంటపట్టదా? కాలేజీలో రెండేళ్లు బెంచీ అరగదీసినా పట్టనిది ఇక్కడ ఎనిమిది నెలల్లో పట్టింది.

అసలు నువ్వు రాసిందేమిటి? "కొత్త తెర వచ్చింది. అన్నీ మధ్యలోకి పోయాయి. కొంచెం ఇబ్బందిగా ఉంది." ఈ మూడు ముక్కలకీ రెండు కాగితాలు పట్టాయి. ఒక్కో అక్షరం నా బొటనవేలంత రాశావు మరి. ఈ ఏడాదంతా ఇదే వరస. నేనింకా పలక మీద దిద్దే పిల్లననుకుంటున్నావా? నీ ఉత్తరం లావు చూసి పోస్టాయన "పుస్తకమా అమ్మా, రేటు వేరు" అన్నాడు.

"కొంచెం ఇబ్బంది" అనే మాటంటే నాకు ఒళ్లు మంట. మనలాంటివాళ్లం ఆ మాటంటాం, అవతలివాడు దాని మీదెక్కి కూర్చుంటాడు. పనిముట్టు ఎవరి చేతిలో ఉందో వాళ్లనడక్కుండా దాని పిడి మార్చే హక్కు ఎవరికీ లేదు. ఇరవై ఏడేళ్లుగా ఆ కౌంటరులో ఉన్నావు. నిన్నడిగారా? లేదు కదా.

ఫోనుంటే ఈ పాటికి మాట్లాడుకునేవాళ్లమని నువ్వనుకుంటావు. ఆ జేబులో కాపలావాణ్ణి వదిలించుకుని ఏడు నెలలైంది, మళ్లీ పెట్టుకోను. ఉత్తరం రాస్తే ఆలోచించి తిట్టొచ్చు.

ఒకటి అడుగుతాను. పోయినసారి నేనొచ్చిన రెండు రోజులూ నువ్వు నా మొహం చూసి మాట్లాడలేదు. నా భుజం పక్కనున్న కిటికీతో మాట్లాడినట్టు మాట్లాడావు. చదువు మానేశానని కోపమైతే తిట్టు, పడతాను. కిటికీకి మాత్రం చెప్పకు.

నీ కంప్యూటరు చట్రం చుట్టూ అంటించుకున్న చొక్కా గుండీలు అలాగే ఉన్నాయా? "తెరకి చొక్కా కుట్టిస్తున్నావా అత్తా" అంటే ఆ రోజు నవ్వి ఊరుకున్నావు. ఇప్పుడు ఆ చొక్కా ఊడబీకినవాణ్ణి ఊరుకుంటావా?

నీ మీద కోపంతో, నీ తరఫున అంతకు రెట్టింపు కోపంతో,
నీ అగ్గిపుల్ల

—

మార్చి 9, ఆదివారం
ఇంటి నుంచి

అగ్గిపుల్లా,

చల్లగా ఉండు. అంతకన్నా ముందు చల్లారు.

నీ ఉత్తరం రెండు రోజులు చదివాను. కాగితానికి రెండు వైపులా, సందు లేకుండా చీమల బారులా రాస్తావు. ప్రెస్సులో ఉండి కాగితానికి అంత కరువేమిటే?

నీ మీద కోపం లేదు. చదువు మానడం నీ ఇష్టం, మీ నాన్నకే లేని కోపం నాకెందుకు? కిటికీ సంగతి నువ్వొచ్చినప్పుడు చెప్తాను. అది ఉత్తరంలో రాసేది కాదు.

తెర గురించి సరిగ్గా రాయలేదన్నావు, రాస్తున్నాను. ఇదివరకు ఎడమవైపు కింద, సరిగ్గా మూలలో, పచ్చ బొమ్మ ఉండేది. రోగి కార్డు నంబరు వెతకడానికి అది. చేత్తో మౌసును ఎడమకీ కిందికీ తోసేస్తే చాలు, బాణం మూలకు కొట్టుకుని ఆగిపోతుంది. చూడక్కర్లేదు. ఎడమ అంచునే పైకి పోతే ఎర్ర గుండీ పక్కన ఎక్స్‌రేలు, తెల్ల గుండీ పక్కన రక్తపరీక్షలు, నాలుగు కళ్ల నల్ల గుండీ పక్కన ఆపరేషన్లు. వేలితో చట్రం తడిమితే గుండీ దొరుకుతుంది, గుండీ దొరికితే బొమ్మ దొరుకుతుంది. ఎర్ర గుండీ నీ మూడో ఏటి గౌనుది, నీకు చెప్పలేదు.

ఇప్పుడు బొమ్మలన్నీ కింద నట్టనడుమ వరసగా నిలబడ్డాయి. అన్నీ గుండ్రమే, అన్నీ ఒకే సైజు, కింద పేర్లు లేవు. ఒకటి తెరిస్తే చాలు, మిగతావి అటూ ఇటూ సర్దుకుంటాయి, బస్సులో ఇంకొకళ్లు కూర్చుంటే జరిగినట్టు. పొద్దున ఉన్నచోట మధ్యాహ్నం ఉండదు. బాణాన్ని తోస్తే ఎటో పోతుంది. మధ్యలో దాన్ని ఆపేదేమీ లేదు.

ఇంకొకటి నీకు తప్ప ఎవరికీ చెప్పను. నీలోనే ఉంచుకో. గురువారం ఒకతను వాళ్ల నాన్న ఛాతీ ఎక్స్‌రే కాగితం కోసం వచ్చాడు. నేను ఒక బొమ్మ అనుకుని పక్క బొమ్మ నొక్కాను, ఒక వరస అనుకుని కింద వరస తీశాను. తొమ్మిదేళ్ల పిల్ల కాగితం డెబ్బై ఒక్కేళ్ల మనిషి ఫైలులో డాక్టరు బల్లదాకా వెళ్లింది. డాక్టరు వయసు చూసి నవ్వి వెనక్కి పంపారు. నవ్వబట్టి సరిపోయింది. ఆ ఇద్దరి వయసులూ దగ్గరగా ఉండి ఉంటే ఎవరూ నవ్వేవారు కాదు. మా స్టాంపులేసే ఆయన ఉన్నాడుగా, టకటకాయన, ఆయనే ఆ కాగితం తెచ్చి నా ఒళ్లో పెట్టి, "ఇది నేను చూళ్లేదు, మీరూ ఇవ్వలేదు" అని వెళ్లిపోయాడు.

అప్పటినుంచి అన్నం సయించడం లేదు. ఇరవై ఏడేళ్లలో ఒకరి కాగితం ఒకరికి ఇవ్వలేదు నేను.

ఏప్రిల్ 8న కౌంటరు వాళ్లందరికీ కొత్త తెర మీద పరీక్షట. ఇరవై నిమిషాల్లో పన్నెండు పనులు. చెయ్యలేనివాళ్లని కింద స్టోరుకు పంపుతారు. స్టోరంటే మెట్ల కింద గది, పాత కాగితాల అట్టపెట్టెలు. అక్కడికి మనుషులు రారు. ఇంట్లోనూ నేనొక్కదాన్నే, అక్కడా ఒక్కదాన్నే అయితే, ఇంక మాట ఎందుకు నాకు?

వేళకి తిను. కోపంగా ఉన్నప్పుడు కటింగు మిషను దగ్గరికి పోకు.

అత్త

—

మార్చి 13, గురువారం
ప్రెస్సు మీది గది

అత్తా,

నీ ఉత్తరం చదివి కిందికి దిగి, మిషను ఆపి, మళ్లీ పైకెక్కి చదివాను. ప్రెస్సాయన "ఏమైందే" అంటే "మా అత్తని పాతరెయ్యబోతున్నారు" అన్నాను. ఆయన నా వైపు తిరిగేసరికి ఒక పెళ్లి కార్డు వంకరగా పడింది.

విను. మాకూ అదే కొత్త మొహం వచ్చింది, మొన్న మంగళవారం. ప్రెస్సాయన దాన్ని చూసి రెండు తిట్లు తిట్టాడు. ఆ తర్వాత అడుగు వరస మీద కుడి మీట నొక్కి, సెట్టింగుల్లోకి పోయి, "ఎడమకి" అని ఉన్నది ఎంచుకున్నాడు. అంతే. బొమ్మలన్నీ బడిపిల్లల్లా బుద్ధిగా ఎడమ మూలకి నడిచిపోయాయి. పచ్చది మూలలో కూర్చుంది. ఒక్క నిమిషం పట్టింది, నేను గోడ గడియారం చూశాను.

ఒక్క నిమిషం, అత్తా. దీనికా అన్నం మానేశావు? రెండు వారాలుగా నువ్వు ఏడుస్తున్నది ఒక్క నొక్కు దూరంలో ఉంది. నువ్వు చెయ్యవు. ఎందుకు చెయ్యవో చెప్పనా? భయం. పైవాడు పెట్టినచోట ఉన్నది ముట్టుకోకూడదని నీకెవరో చిన్నప్పుడే నేర్పారు. బాధ పడటం నీకు అలవాటైపోయింది, బాధ పోతే ఏం చేసుకోవాలో తెలియక దాన్నే పట్టుకుని కూర్చున్నావు. నాకు ఏడుపొస్తోంది, అది నీ మీద జాలితో కాదు.

నువ్వు ఏడుగురికీ పెద్దదానివి. నువ్వు నోరు విప్పితే ఆరుగురు విప్పుతారు. నువ్వు "కొంచెం ఇబ్బంది" అంటే ఆరుగురూ అదే అని స్టోరుకి పోతారు.

నీ గుండీల ఉత్తరం మాత్రం మూడుసార్లు చదివాను. మిషన్ల గురించి అలా రాసినవాళ్లని నేనింకెక్కడా చదవలేదు. నా గౌను గుండీ సంగతి ఇన్నాళ్లూ దాస్తావా?

కాగితం అయిపోయింది, మిగతాది అంచున నిలువుగా రాస్తున్నాను, తిప్పి చదువుకో: ఆ ఎక్స్‌రే కాగితం కథతో ఒక కరపత్రం వెయ్యాలని ఉంది. ఊరు, పేరు ఉండవు. నీలోనే ఉంచుకోమన్నావు గనక నిన్నడగకుండా వెయ్యను. వద్దనుకుంటే "వద్దు" అని ఒక్క ముక్క రాయి. ఇరవై రెండో తారీకు శనివారం దాకా చూస్తాను. వద్దని రాకపోతే సరే అన్నట్టే అనుకుంటాను.

అగ్గిపుల్ల

—

మార్చి 18, మంగళవారం
ఇంటి నుంచి

అగ్గిపుల్లా,

నువ్వు చెప్పిన ఒక్క నిమిషం పని నేను మొదటి వారంలోనే చేసి చూశాను. మాకు ఆ "ఎడమకి" అన్నది బూడిద రంగులో ఉంది. నొక్కితే కదలదు. తాళం వేశారు.

భయస్తురాలినన్నావు కదా, పైకి కూడా వెళ్లాను. గాజు తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియక కాసేపు తడుముకున్నాను. ఆయనే లేచి తీశారు. మంచినీళ్లిచ్చారు. నువ్వనుకున్నట్టు రాక్షసుడేం కాదు. నీకన్నా ఆరేడేళ్లు పెద్దేమో.

"రెండు వందల కంప్యూటర్లమ్మా, అన్నీ ఒకే మొహంతో ఉండాలి" అన్నారు. "ఒకరికి ఎడమ, ఒకరికి కుడి అంటే, ఏదైనా చెడిపోయినప్పుడు మా వాళ్లు ఎక్కడని వెతుకుతారు?"

"నా ఒక్కదానికి జరపండి బాబూ" అన్నాను.

"మీకే ఎందుకు ప్రత్యేకంగా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉంది. నోటిదాకా వచ్చింది. "అలవాటండి" అన్నాను.

"అలవాటు రెండు వారాల్లో మారిపోతుంది. మా అమ్మగారు కూడా మొదట్లో ఇలాగే అన్నారు" అని నవ్వారు. నేనూ నవ్వి దిగొచ్చాను. దిగేటప్పుడు మెట్లు లెక్కపెట్టాను, ఇరవై రెండు. ఈ మధ్య అన్నీ లెక్కపెడుతున్నాను.

ఇంట్లో ఒక పళ్లెం మూత మీద గుండీలు వరసగా పేర్చుకుని సాధన చేస్తున్నాను. ఎడమ అంచు నుంచి ఏడు వేళ్ల దూరంలో పచ్చది, ఎనిమిదిన్నర దగ్గర ఎర్రది. చెయ్యి నేర్చుకుంటోంది. ఆఫీసుకు వెళ్లి అలాగే చేస్తే మొదటి గంట బాగానే నడుస్తుంది. ఎవరో ఒకరు ఇంకో బొమ్మ తెరవమంటారు, వరస మొత్తం జరుగుతుంది. ఏడు వేళ్ల దగ్గర ఇంకేదో ఉంటుంది. చెయ్యి నేర్చుకున్నది చెయ్యే మరిచిపోవాలి.

నిన్న కౌంటరులో నా కిటికీ ముందు వరస మెట్లదాకా పోయింది. వెనక నుంచి ఎవరో "ఆ పెద్దావిణ్ణి మార్చండయ్యా, మా వైపు చూడను కూడా చూడదు, అంత పొగరేమిటి" అన్నారు. నా పక్క సీటు అమ్మాయి విననట్టు కీబోర్డు గట్టిగా కొట్టింది.

ఒక్క పని చెయ్యి నాకోసం. ఈసారి నల్ల సిరాతో, ఒకే వైపు, పెద్ద అక్షరాలతో రాయి. వరసకీ వరసకీ మధ్య చోటు వదులు. కారణం అడక్కు.

ఇంకా ఇరవై ఒక్క రోజులున్నాయి పరీక్షకి.

అత్త

—

మార్చి 23, ఆదివారం
ప్రెస్సు మీది గది

అత్తా,

నా రాత కూడా దిద్దుతావా? పెద్దగా రాయాలి, ఒకే వైపు రాయాలి, కారణం అడక్కూడదు. ఇది ఆ గాజు తలుపాయన మాట్లాడే తీరే. నేనిలాగే రాస్తాను. చీమలు బారులు కడితేనే కదులుతుంది ఏదైనా.

తాళం సంగతి చదివాక ఇంక ఆగలేకపోయాను. తాళం వేశాడంటే తెలిసే చేశాడు. మంచినీళ్లిచ్చినంత మాత్రాన మంచివాడైపోతాడా? మంచినీళ్లిచ్చి తాళం వేసేవాళ్లతోనే మనకి ఎక్కువ ప్రమాదం.

నేనడిగాను, శనివారం దాకా ఆగాను. నీ ఉత్తరం ఆ చివర నుంచి ఈ చివరదాకా వెతికాను, "వద్దు" అన్న మాట లేదు. తాళం సంగతి, ఆయనన్న మాటలు అన్నీ అంత వివరంగా రాశావంటే నీకూ లోపల ఇష్టమేనని అర్థమైంది. నోరు విప్పి సరేననడానికి మొహమాటం. నీ తరఫున మొహమాటం లేనిదాన్ని నేనున్నాగా.

కాబట్టి వేశాను. ప్రెస్సాయన అట్టల కింద మిగిలిన పసుపు కాగితం ఇచ్చాడు. రెండు వందలు. మీ ఆస్పత్రి ఫారాలు తెచ్చే వ్యాను మా సందులోంచే వెళుతుంది, డ్రైవరుని బతిమాలి ఇచ్చాను. రేపు పొద్దున్న గేటు దగ్గర పంచుతాడు. నీ కోసం ఇక్కడ రాస్తున్నాను:

"తప్పు జరిగింది. చేసింది పైఅంతస్తు. ఎవరినీ అడక్కుండా తెర మార్చారు, మార్చాక తాళం వేశారు. ఫలితం: ఇరవై ఏడేళ్లుగా ఒక్క పొరపాటు చెయ్యని రికార్డుల గుమస్తా చేతుల మీదుగా తొమ్మిదేళ్ల పిల్ల కాగితం డెబ్బై ఒక్కేళ్ల వృద్ధుడి ఫైలులోకి పోయింది. రేపు మీ కాగితం ఎవరి ఫైలులో ఉంటుంది? తాళం తీయించండి."

ఎలా ఉంది? "రేపు మీ కాగితం" దగ్గర ప్రెస్సాయన తలూపాడు. ఆయన తలూపడం నేను ఎనిమిది నెలల్లో చూళ్లేదు.

నాకు తెలుసు, నువ్వు మొదట కంగారుపడతావు. తర్వాత గర్వపడతావు.

అగ్గిపుల్ల

—

మార్చి 27, గురువారం
ఇంటి నుంచి

అమ్మడూ,

నువ్వు ఎక్కడ అడిగావు నన్ను?

నీ ఉత్తరం అందినప్పటినుంచి వెతుకుతున్నాను. పదమూడో తారీకు కాగితాన్ని కిటికీ దగ్గర పెట్టి, భూతద్దం పెట్టి, తల ఒక పక్కకి వంచి గంటసేపు చూశాను. అంచున బూజులాంటి గీత ఒకటి కనిపించింది. సిరా మరక అనుకున్నానే. అది అక్షరాలా?

ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు గనక రాస్తున్నాను. మూడేళ్లయింది. కంటి వెనక పొర మధ్యలో పాడైపోయింది, రెండు కళ్లకీ. అంచులన్నీ కనిపిస్తాయి. ఏది చూడాలనుకుని సూటిగా చూస్తానో అక్కడే బూడిద మచ్చ. తలుపు చట్రం కనిపిస్తుంది, తలుపులో నిలబడ్డ మనిషి కనిపించడు. కాబట్టి పక్కకి చూస్తాను, కంటి కొసతో పట్టుకుంటాను. నీ మొహం చూడాలంటే నేను కిటికీ వైపు చూడాలి. ఆ రెండు రోజులూ నిన్నే చూస్తూ కూర్చున్నాను.

నా అక్షరాలు నిన్ను చిన్నపిల్లనుకుని పెద్దవి కాలేదు. అంతకన్నా చిన్నగా రాస్తే నేను రాసింది నాకే కనిపించదు.

అందుకే గుండీలు. పాత తెర అంచుల మీద ఉండేది, నాకు మిగిలింది అంచులే. ఇద్దరం సరిపోయాం. ఎవరికీ తెలియకుండా మూడేళ్లు నడిచింది. కార్డు నంబరు పెద్దది చేసుకుని తెర కొసకి జరుపుకుని చదివేదాన్ని. వాళ్లు అన్నీ తీసుకెళ్లి సరిగ్గా మచ్చలో పెట్టారు.

సోమవారం పొద్దున నీ పసుపు కాగితాలు గేటు దగ్గర పంచారు. ఇరవై ఏడేళ్లుగా ఉన్న రికార్డుల గుమస్తా ఈ ఆస్పత్రిలో ఒక్కతే ఉంది. పదకొండు గంటలకి పైకి పిలిచారు. ముగ్గురు కూర్చున్నారు. ఎక్స్‌రే కాగితం నిజమేనా అన్నారు. నిజమేనన్నాను. ఎందుకు చెప్పలేదన్నారు. ఎవరు చూశారన్నారు. టకటకాయన పేరు నేను చెప్పలేదు. ఆయనే లోపలికి వచ్చి "నేను చూశాను, నేనే దాచాను" అన్నాడు. ఆయనకిప్పుడు మెమో. రేపు నాకు కంటి పరీక్ష, మా ఆస్పత్రిలోనే, పై అంతస్తులోనే.

ఆ డెబ్బై ఒక్కేళ్లాయన కొడుకు కూడా వచ్చాడు. అరవలేదు. నా కిటికీ ముందు నిలబడి "మా నాన్న కాగితాలు మీరు చూడకండమ్మా, ఇంకెవరైనా చూస్తారా" అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. అతనడిగింది న్యాయమే. ఆ మాట నన్ను వదలడం లేదు.

సాయంత్రం గుండీలు వలిచేశాను. జిగురు గట్టిది, గోరు చీరుకుంది. ఎర్రది దాచాను, మిగతావి చెత్తబుట్టలో వేశాను.

ఎనిమిదో తారీకు తెర పరీక్షదాకా ఆగను. శుక్రవారం, నాలుగో తారీకున, రాజీనామా ఇచ్చేస్తాను. గుడ్డిదాన్నని తేల్చి పంపకముందే నా కాళ్ల మీద నేను బయటికి రావాలి. నీ మీద కోపం లేదు. కోపం తెచ్చుకునే ఓపిక లేదు. ఇంక నా గురించి ఏదీ అచ్చు వెయ్యకు.

అత్త

—

మార్చి 30, ఆదివారం

అత్తా,

తప్పు జరిగింది.
చేసింది నేను.

పోస్టరు బ్రష్షుతో రాస్తున్నాను.
కాగితానికి ఆరు వరసలు పడుతున్నాయి.
కనిపిస్తోందా?

అంచున రాశాను. నీకు కనిపించని చీమలతో,
నీ బతుకు గురించి అడిగాను.
నువ్వు జవాబివ్వలేదు గనక
సరే అన్నావని రాసుకున్నాను.
అడక్కుండా మార్చినవాణ్ణి తిట్టి,
నేనూ అదే చేశాను.

నీ ఉత్తరం అందినప్పటినుంచి ఏ కాగితమూ మడవలేదు.
ప్రెస్సాయన తిట్టలేదు. అదింకా బాధగా ఉంది.

నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకుని చూశాను.
ఒక్కోటీ పోయినదానికన్నా పెద్ద అక్షరాలు.
ఈ ఏడాదంతా కాగితం మీద చెప్తూనే ఉన్నావు.
నేను పోస్టు రేటు గురించి హాస్యమాడాను.

ఏం చెయ్యను చెప్పు. వచ్చి నీ పక్కన కూర్చోనా?
ఆ గాజు తలుపాయన కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను.
నువ్వు ఆ కౌంటరు వదిలి ఒంటరిగా గోడ వైపు
తిరిగి కూర్చోవడం ఊహించలేను.

శుక్రవారం ఇవ్వకు. ఒక్క వారం ఆగు.
ఇది కరపత్రం కాదు. బతిమాలుతున్నాను.

నువ్వు చెప్పకుండా ఇంక ఒక్క అక్షరం వెయ్యను.

నీ మేనకోడలు

—

ఏప్రిల్ 3, గురువారం
ఇంటి నుంచి

అగ్గిపుల్లా,

నీ ఉత్తరం భూతద్దం లేకుండా చదివాను. కిటికీ దగ్గర నిలబడి, ఒక్కసారిగా, మొదటినుంచి చివరిదాకా. ఇంత సులువుగా చదివిన ఉత్తరం మూడేళ్లలో ఇదొక్కటే. చదవడం అయ్యాక కూడా పట్టుకుని నిలబడ్డాను. పక్కింటావిడ "ఏం పోస్టరమ్మా, సర్కస్ వచ్చిందా" అంది.

కంటి డాక్టరమ్మ చూసింది. పోయింది తిరిగి రాదంది, అది నాకు తెలిసిందే. అంచులు ఎంతకాలం ఉంటాయంటే చెప్పలేనంది. "మరి ఇన్నాళ్లు పని ఎలా చేశారు" అంటే గుండీల సంగతి చెప్పాను. రాసుకుంటున్న పెన్ను ఆపేసింది. తర్వాత కాగితం మీద రాసిచ్చింది: బొమ్మలు అంచున ఉంటే చెయ్యగలదు, మధ్యలో ఉంటే చెయ్యలేదు. ఆ కాగితం పైకి పంపాను. ఇంతవరకు జవాబు లేదు.

రాజీనామా రాసే ఉంచాను. సంచిలో ఉంది. ఇవ్వాలా వద్దా అన్నది నిన్నటిదాకా తేలలేదు, నిజం చెప్పాలంటే ఇంకా పూర్తిగా తేలలేదు. కానీ ఈ వారం ఒక వింత జరిగింది.

నీ పసుపు కాగితం తర్వాత నా పక్క ఎవరూ కూర్చోరనుకున్నాను. సోమవారం భోజనం వేళ టకటకాయన తన కుర్చీ లాక్కొచ్చి నా పక్కన వేసుకున్నాడు. చెయ్యి చాపి బల్ల మీద పెట్టాడు. వేళ్లు వణుకుతున్నాయి. "రెండేళ్లుగా ఇంతే. స్టాంపైతే బలంగా కొడతాను గనక తెలియదు. ఆ గుండ్రాలు మాత్రం నాకు చిక్కవు" అన్నాడు. మంగళవారం పక్క సీటు అమ్మాయి వచ్చింది. పేర్లు లేని బొమ్మలు ఆ పిల్లకి రోజూ కొత్తగానే కనిపిస్తాయట, ఒక కాగితం మీద బొమ్మలు గీసుకుని, పేర్లు రాసుకుని, సొరుగులో పెట్టుకుని దొంగచాటుగా చూసుకుంటోంది. నిన్న ఇంకొకాయన. ఆయనది చెప్పనన్నాను, చెప్పను. ఏడుగురిలో నలుగురం. అందరం ఎవరికి వాళ్లం మెట్ల కింద స్టోరుని చూసుకుంటూ కూర్చున్నాం.

చెత్తబుట్టలో గుండీలు వేశానన్నాగా. టకటకాయన ఏరి దాచాడు. అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చాడు.

ఆ డెబ్బై ఒక్కేళ్లాయన కొడుకు మాట మాత్రం నన్నింకా వదల్లేదు. మచ్చలో ఉన్న బొమ్మలతో నేను ఇంకొకరి కాగితం ముట్టుకోను. అందుకే వచ్చే మంగళవారం పరీక్షకి కూర్చుంటాను, మౌసు ముట్టుకోను. కారణం అందరి ముందూ చెప్తాను. ఆ రోజు గాజు తలుపు దగ్గర మింగేసిన జవాబు. నలుగురం కలిసి తాళం తియ్యమంటాం. తియ్యకపోతే సంచిలో కాగితం ఉండనే ఉంది.

నేను చెప్పకుండా వెయ్యనన్నావు. చెప్తున్నాను, వెయ్యి. సోమవారం వ్యానులో పంపు. పసుపు కాగితమే, కానీ అక్షరాలు నా బొటనవేలంత ఉండాలి. రెండు వైపులా వద్దు, అంచున ఏమీ రాయకు. నీ పద్ధతిలోనే మొదలుపెట్టాను. నా మాటలు మార్చకు.

"తప్పు రెండు వైపులా ఉంది.

అడక్కుండా తెర మార్చి తాళం వేశారు. అది వాళ్ల తప్పు.

చూపు మధ్యలో పోయిన సంగతి మూడేళ్లు దాచాను. అది నా తప్పు. ఒప్పుకుంటున్నాను.

బొమ్మలు అంచుకి జరిపితే నేను పని చెయ్యగలను. కంటి డాక్టరు రాసిచ్చారు. నాలాగే ఇంకా కొందరున్నారు. ఒక్క తాళం తియ్యమని అడగబోతున్నాం.

ఏప్రిల్ 8, మంగళవారం. రికార్డుల కౌంటరు. పరీక్ష పదింటికి. తొమ్మిదీ ముప్పావుకల్లా రండి.

నాకు ఎదురుగా నిలబడకండి, కనిపించరు. పక్కన నిలబడండి."